‘కుటుంబ కలహాలు’ అనే ఒక్క మాట కింద ఎన్నింటిని కట్టగడుతున్నాం?

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ పత్రిక జిల్లా పేజీలో తరచూ కనిపించే ఒక చిన్న వార్త గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఊరు, మండలం, వయస్సు మాత్రమే మారుతూ మిగిలినదంతా అచ్చుపోసినట్టు ఒకే తీరుగా ఉండే ఆ వార్తలో ‘కుటుంబ కలహాల నేపథ్యంలో’ అన్న మాట ఒకటి, ‘క్షణికావేశంలో’ అన్న మాట మరొకటి తప్పక ఉంటాయి. ఒక్క మీ పత్రికనే తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అన్ని పత్రికలూ అలాగే రాస్తున్నాయి, మనమూ ఇంట్లో అలాగే మాట్లాడుకుంటున్నాం. అయితే 1984లో చిన్న గుమాస్తాగా చేరి 2020లో పదవీ విరమణ చేసేదాకా అనంతపురంలోనూ చుట్టుపక్కల తాలూకా కోర్టుల్లోనూ భార్యాభర్తల వ్యాజ్యాల కట్టలు విప్పి కట్టిన మనిషిగా, ఆ ‘కలహాలు’ అన్న మాట రెండు వేర్వేరు సంగతులను ఒకే కట్టలో పెట్టి తాడు బిగిస్తోందని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఇద్దరు మనుషుల మధ్య అభిప్రాయం కుదరక వచ్చే గొడవ ఒకటి. ఒక మనిషి ఇంకొక మనిషిని కొట్టడం, భయపెట్టడం, ఇంట్లోనుంచి గెంటేయడం మరొకటి. మన ప్రాంతంలో పెద్దమనుషులు మొదటిదానిలో అవసరానికి మించి ముందుగా దిగుతున్నారు, రెండోదానిలో దిగవలసిన సమయానికి ఎంతో ఆలస్యంగా దిగుతున్నారు.

మొదటిదానికి ఉదాహరణగా, నాకు బాగా తెలిసిన ఒక కుటుంబం సంగతి చెబుతాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ జిల్లాలో, ఐదెకరాల వేరుసెనగ రైతు ఒకాయన రెండు బోర్లు ఎండిపోయాక మూడో బోరు వేయించాలనుకున్నాడు. బీరువాలో ఉన్న భార్య నగలు, ఐదు తులాలు, బ్యాంకులో కుదువ పెట్టాడు. ఆమెకు చెప్పలేదు. బోరులో దుమ్ము తప్ప నీళ్లు రాలేదు. ఆ పైనెలలో తమ్ముడి కూతురి పెళ్లికి పోవడానికి ఆమె నగలు తీయబోతే పెట్టె తేలికగా ఉంది. ఇద్దరూ ఆ రాత్రి అరుచుకున్నారు. తెల్లవారేసరికి ఆమె అన్న, ఈయన మేనమామ, ఊళ్లో పెద్దరికం చేసే మరో నలుగురు అరుగు మీద కూర్చున్నారు. సాయంత్రానికి ‘నగలు మూడు నెలల్లో విడిపించాలి, ఆలోగా ఆమె పుట్టింట్లో ఉంటుంది’ అని తీర్పు చెప్పి, కాఫీలు తాగి వెళ్లిపోయారు.

చట్టప్రకారం చూస్తే ఆ నగలు ఆమెవే. స్త్రీధనం భార్య సొంత ఆస్తి అని, భర్త చేతిలో ఉన్నంత మాత్రాన అది ఆయనది కాదని సుప్రీంకోర్టు 1985లోనే స్పష్టంగా చెప్పింది. కాబట్టి పంచాయితీ తీర్పు న్యాయానికి దూరమైనదేమీ కాదు. కానీ ఆమె బాధ నగల గురించి కాదు. ‘అడిగుంటే నేనే తీసిచ్చుందును, అడగకుండా ఎందుకు తీసినావు’ అన్నది ఆమె మాట. ‘అడిగితే వద్దంటావని భయపడినాను, బోరు పడితే నీకే కదా చెప్పేది’ అన్నది ఆయన మాట. ఈ రెండు వాక్యాలూ ఒకరితో ఒకరు చెప్పుకోగలిగి ఉంటే ఆ గొడవ వంటింటి గడప దాటేది కాదు. అరుగు మీద ఆరుగురు కూర్చున్నాక ఆయన భయాన్ని ఒప్పుకుంటే పరువు పోతుంది, ఆమె ‘తీసిచ్చుందును’ అంటే పుట్టింటివాళ్లు వెర్రిదానివంటారు. అందుకని ఇద్దరూ అసలు మాట మింగేసి, లెక్కకు దొరికే ఐదు తులాల గురించే మాట్లాడారు. మూడు నెలలన్నది పద్నాలుగు నెలలైంది, నగలు విడిపించేసరికి ఇద్దరికీ మాటలు లేవు.

పంచాయితీ స్వభావమే అది. తప్పెవరిదో తేల్చడం దాని పని. పొలం గట్టు తగాదాలో తేల్చడం వల్ల మేలు జరుగుతుంది, ఎందుకంటే రాయి పాతితే గట్టు కదలదు. మొగుడూ పెళ్లాల మధ్య తేలే సంగతులు చాలా తక్కువ. అమెరికాలో సియాటిల్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ గాట్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980ల నుంచి దంపతులను కూర్చోబెట్టి, గొడవపడే విషయం మీద మాట్లాడుకోమని చెప్పి, వారి మాటలను, ముఖకవళికలను, గుండె వేగాన్ని కూడా నమోదు చేస్తూ వచ్చాడు. సంవత్సరాల తరువాత ఎవరు కలిసి ఉన్నారు, ఎవరు విడిపోయారు అని మళ్లీ చూశాడు. దంపతుల మధ్య వచ్చే తగాదాల్లో నూటికి 69 వంతులు ఎన్నటికీ పరిష్కారం కానివని ఆయన లెక్కతేల్చాడు. బాగా కాపురం చేసేవాళ్లకూ అవి ఉంటాయి. ఒకరికి ఖర్చుచేయడం ఇష్టం, మరొకరికి దాచడం ఇష్టం. ఒకరికి ఇంటినిండా బంధువులు కావాలి, మరొకరికి తలుపు వేసుకుంటే చాలు. ఇరవై ఏళ్ల తరువాత కూడా అదే గొడవ ఉంటుంది. కాకపోతే సంసారం నిలబడినవాళ్లు దాన్ని కాస్త నవ్వుతో మోస్తారు. విదేశంలో విదేశీయుల మీద చేసిన పరిశోధన మనకెలా వర్తిస్తుందని అడిగేవాళ్లుంటారు. నేను చూసిన కట్టలు మాత్రం ఆ మాటను కాదనలేదు.

మన ప్రాంతంలో దీనికి తోడు మేనరికం ఉంది. అత్త మేనత్త అయినప్పుడు, మామ మేనమామ అయినప్పుడు ఇద్దరి గొడవ ఇద్దరిదిగా ఎంతోసేపు నిలవదు. కొడుకు కోడలిని విసుక్కుంటే, రాఖీ కట్టిన అన్న ఇంటికీ చెల్లెలి ఇంటికీ మధ్య రాకపోకలు ఆగిపోతాయి. ‘మా అన్న కూతురని చూసి తెచ్చుకున్నాను’ అన్న మాటలోని దెప్పు ఎంత లోతుగా దిగుతుందో మేనరికం చేసుకున్నవాళ్లకే తెలుస్తుంది. పెళ్లికి ముందు తెలిసిన మనుషులే కదా అని పెద్దలు నిశ్చింతగా ఉంటారు గానీ, చిన్నప్పుడు కలిసి ఆడుకున్న బావతో డబ్బు గురించీ పిల్లల గురించీ ఎలా మాట్లాడాలో ఆ అమ్మాయికి ఎవరూ నేర్పి ఉండరు. ఆ బావకు అసలే నేర్పి ఉండరు.

ఇప్పుడు అరుగు అవసరం కూడా లేకుండా పోయింది. బెంగళూరులో పనిచేసుకుంటున్న జంట గొడవపడుతూ ఉండగానే ఫోను స్పీకరులో పెట్టి అమ్మకు వినిపిస్తున్నారు. నా ఉద్యోగం తొలి సంవత్సరాల్లో ఇటువంటి కేసుల్లో సాక్ష్యంగా వచ్చేవి పెళ్లిపత్రిక, పెళ్లి ఫోటో, ఒకటో రెండో ఇన్‌లాండ్ ఉత్తరాలు. చివరి సంవత్సరాల్లో వాట్సాప్ సంభాషణల నకళ్లు, కాల్ రికార్డింగులతో నిండిన పెన్‌డ్రైవులు వచ్చేవి. వాటిని వరుస సంఖ్యలు వేసి నమోదు చేస్తూ నేను తరచూ అనుకునేవాడిని: భర్త గొంతు రికార్డు చేయడానికి భార్య ఫోను తీసిన రోజున, లేదా భార్య మాటలు రికార్డు చేయడానికి భర్త మీట నొక్కిన రోజున, వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేసి, ఎదురుగా లేని జడ్జితో మాట్లాడడం మొదలుపెట్టారు. (హింస జరుగుతున్న ఇంట్లో రికార్డు చేసుకోవడం వేరు. దాన్ని నేను తప్పనడం లేదు.)

ఇంతగా ఇతరుల సంగతి రాస్తున్నాను గనుక నా సంగతీ ఒప్పుకోవాలి. నాకు కోపం వస్తే అరిచే అలవాటు లేదు. మా ఇంట్లో గొడవ వస్తే నేను మాట మానేసేవాడిని. ఒకసారి, మా నాన్నకు పంపే డబ్బు విషయంలో వచ్చిన మాటపట్టింపుతో పదకొండు రోజులు మాట్లాడలేదు. కంచం ముందు కూర్చునేవాడిని, తినేవాడిని, లేచేవాడిని. గొంతెత్తని మగవాడినని నాలో నాకు గర్వంగా కూడా ఉండేది. పన్నెండో రోజు మా ఇంటావిడ, ‘గోడతో కాపురం చేస్తున్నట్టుంది, నాలుగు కేకలన్నా వేస్తే మనిషి ఉన్నాడనుకుందును’ అంది. ఆ మాట నాకు చాలాకాలం అర్థం కాలేదు. గాట్‌మన్ చెప్పిన విషయాల్లో నన్ను కుర్చీలో సర్దుకుని కూర్చునేలా చేసింది ఇదే: సంసారాన్ని కూల్చే నాలుగు అలవాట్లలో గోడలా బిగుసుకుపోయి మౌనం వహించడం ఒకటని, అది ఎక్కువగా మగవాళ్లలో కనిపిస్తుందని ఆయన అన్నాడు. మిగిలిన మూడూ మనిషి స్వభావం మీదే నింద వేయడం, ఎంత చెప్పినా తప్పు తనది కాదని వాదించడం, ఎదుటిమనిషిని చులకన చేయడం.

మౌనానికి ఆయన చూపిన కారణం గుండెకు సంబంధించినది. గొడవలో గుండె నిమిషానికి నూరుసార్లకు మించి కొట్టుకునే స్థితికి వచ్చినవాడికి ఎదుటివాళ్ల మాట చెవికి చేరుతుంది గానీ బుద్ధికి చేరదు. ఆ స్థితిలో మాట్లాడడం ఆపేయడం మంచిదే. అయితే ‘ఇప్పుడు కాదు, అరగంట తరువాత మాట్లాడదాం’ అని చెప్పి ఆపాలి, చెప్పిన సమయానికి తిరిగి రావాలి. శరీరం చల్లబడడానికి కనీసం ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాలూ ‘నన్ను అంతమాట అంటుందా’ అని లోలోపల నూరుకుంటూ కూర్చుంటే చల్లబడేదేమీ ఉండదు, మిద్దెమీదికి పోయి నడవాలి, మొక్కలకు నీళ్లు పోయాలి. నేను ఇప్పుడు చేస్తున్నది అదే. నా పదకొండు రోజులు ముప్పై నిమిషాలకు తగ్గడానికి పాతికేళ్లు పట్టింది.

చులకన చేయడం గురించి రెండు మాటలు ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే విడిపోయే జంటల్లో అన్నిటికంటే చెడ్డ గుర్తు అదేనని ఆ పరిశోధన చెబుతుంది, మన ఇళ్లలో దానికి హాస్యమని పేరు పెట్టుకున్నాం. బంధువుల ముందు భార్య వంటను, చదువును, పుట్టింటిని ఎగతాళి చేసి అందరినీ నవ్వించే భర్తలను, ‘ఈయన సంపాదనకు సంగటి ముద్దే ఎక్కువ’ అని అక్కచెల్లెళ్ల ముందు అనే భార్యలను చూస్తూనే ఉన్నాం. ‘ఈ నెల కరెంటు బిల్లు కట్టలేదెందుకు’ అన్నది ఫిర్యాదు. దానికి జవాబు ఉంటుంది. ‘నువ్వెప్పుడు బాధ్యతగా ఉన్నావు గనుక’ అన్నది నింద. ‘మీ వంశంలోనే లేదులే’ అన్నది చులకన. బిల్లు ఒక్కటే, మూడో వాక్యం దగ్గరికి వచ్చేసరికి రెండు కుటుంబాలు తగలబడుతున్నాయి. గొడవ సమయంలో కూడా ఒక్క కటువైన మాటకు ఐదు మంచి మాటలో చిన్న ఆదరణలో ఉండే జంటలు నిలబడతాయని గాట్‌మన్ లెక్క. నేను లెక్కపెట్టి చూడలేదు గానీ, ‘అన్నం తిన్నావా, తిని మాట్లాడు’ అని గొడవ మధ్యలో అనగలిగిన ఇళ్ల కట్టలు కోర్టుకు రావడం మాత్రం నేను ఎరగను.

కోర్టులు ఏంచేయగలవన్నది తరువాతి ప్రశ్న. హిందూ వివాహ చట్టం 9వ సెక్షను కింద, విడిగా ఉంటున్న భార్యనో భర్తనో కాపురానికి రమ్మని ఆదేశించాలని కోరవచ్చు. ఈ సెక్షను మీద పెద్ద చర్చకు కారణమైన కేసు మన కడప సబ్‌కోర్టులో వేసిన పిటిషను నుంచే పుట్టిందన్న సంగతి ఈ తరానికి అంతగా తెలియదు. ఇష్టంలేని భార్యను కాపురం చేయమని ఆదేశించడం ఆమె ఆత్మగౌరవానికీ వ్యక్తిగత గోప్యతకూ భంగమంటూ 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ సెక్షనును కొట్టివేసింది. మరుసటి సంవత్సరం మరో కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని కాదని సెక్షను చెల్లుతుందని చెప్పింది. నేను ఉద్యోగంలో చేరింది ఆ సంవత్సరమే, మా సీనియర్లు టీ తాగుతూ దీనిమీద వాదించుకునేవారు. అప్పటినుంచి నేను చూసిన ‘కాపురానికి పంపండి’ డిక్రీలు ఎన్నో ఉన్నాయి. డిక్రీని ధిక్కరిస్తే ఆస్తి జప్తు చేయవచ్చు, ఏడాదిపాటు కాపురం కలవకపోతే విడాకులు కోరవచ్చు, అంతకుమించి ఏ న్యాయమూర్తీ ఇద్దరు మనుషులను ఒక కంచం ముందు కూర్చోబెట్టలేడు. 1984లో వచ్చిన కుటుంబ న్యాయస్థానాల చట్టంలోనూ 9వ సెక్షనే ఉంది. కేసు మొదట్లోనే రాజీకి ప్రయత్నించడం కోర్టు బాధ్యత అని అది చెబుతుంది. రెండు చట్టాల్లో ఒకే సంఖ్య పడడం కాకతాళీయమే అయినా, రెండోది మొదటిదానికంటే ఎక్కువ పనిచేయడం నేను చూశాను, ఎందుకంటే అక్కడ తలుపు మూసి, బంధువులను వరండాలో ఉంచి, ఇద్దరినే కూర్చోబెట్టి మాట్లాడించవచ్చు.

పెద్దమనుషుల విషయంలో నాకున్న మరో ఫిర్యాదు స్టాంపు కాగితం. వంద రూపాయల స్టాంపు కాగితం మీద ‘ఇకపై ఒకరికొకరం సంబంధం లేదు’ అని రాయించి, సాక్షి సంతకాలు పెట్టించి, విడాకులు అయిపోయాయని చెప్పే ఆచారం మన పల్లెల్లో ఇప్పటికీ ఉంది. కులాచారంగా తరతరాలుగా సాగుతున్నదని రుజువు చేయగలిగితే తప్ప, హిందువుల విషయంలో ఆ కాగితం వివాహాన్ని రద్దుచేయదు. పరస్పర అంగీకారంతో విడిపోవాలన్నా ఏడాదిపాటు విడిగా ఉండి, ఇద్దరూ కలిసి కోర్టులో పిటిషను వేయాలి, ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలల గడువును తగిన సందర్భాల్లో సడలించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. కాగితాన్ని నమ్మి మళ్లీ పెళ్లిచేసుకుని కేసుల్లో ఇరుక్కున్న మగవాళ్లను, కాగితం ఉందని మనోవర్తి అడగకుండా ఊరుకుని బిడ్డలతో కూలికి పోయిన ఆడవాళ్లను చూశాను. ఆ పత్రాలు రాసిన పెద్దమనుషులు ఒక్కరూ కోర్టు మెట్లెక్కలేదు.

ఇక రెండో సంగతి. పైన రాసినవన్నీ ఇద్దరూ భయంలేకుండా మాట్లాడగలిగిన ఇంటికే వర్తిస్తాయి. చెయ్యి చేసుకునే ఇంట్లో ‘ఇరవై నిమిషాలు ఆగి మాట్లాడండి’ అని సలహా ఇవ్వడం అన్యాయం. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో 18 నుంచి 49 ఏళ్ల మధ్య వయస్సుగల వివాహిత స్త్రీలలో నూటికి 29 మందికి పైగా ఎప్పుడో ఒకప్పుడు భర్త చేతిలో హింస ఎదుర్కొన్నారు. ఇంతమందికి జరుగుతున్న దానికి మన దగ్గరున్న మందు ‘సర్దుకుపోమ్మా’ అన్న ఒక్క మాట. నగల గొడవకు తెల్లవారకముందే అరుగెక్కిన పెద్దలు, చెవికి దెబ్బతగిలి వచ్చిన ఆడబిడ్డను మూడుసార్లు తిప్పి పంపిన కట్ట ఒకటి నా చేతిమీదుగా వెళ్లింది. నాలుగోసారి ఆమె పుట్టింటికి రాలేదు, ఆసుపత్రికి వెళ్లింది. ఆ మూడు పంచాయితీల తీర్మానాలూ దాఖలు చేసిన కాగితాల్లో ఉన్నాయి. మూడింటిలోనూ ‘ఇరువురూ సఖ్యతగా మెలగవలెను’ అని రాసి ఉంది. ఇరువురూ!

ఆమెకు ఆనాటికే చట్టం ఉంది. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం 2006 అక్టోబరు నుంచి అమలులో ఉంది. దాని కింద భార్యను కాపురమున్న ఇంట్లోనుంచి గెంటేయకుండా ఉత్తర్వు తెచ్చుకోవచ్చు, కొట్టకుండా రక్షణ ఉత్తర్వు తెచ్చుకోవచ్చు, మనోవర్తి అడగవచ్చు. దరఖాస్తు వేశాక సాధారణంగా మూడు రోజుల్లో మొదటి విచారణ ఉండాలని, అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. ఆ అరవై రోజులు ఆచరణలో ఎలా సాగదీసుకుంటాయో తెలిసినవాణ్ణే, అయినా అడగకపోవడం కంటే అడగడం మేలు. స్త్రీలు ఎవరైనా, ఆదాయంతో నిమిత్తం లేకుండా, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు. వకీలు ఫీజుకు భయపడి పంచాయితీకే పోయిన ఎంతోమందికి ఈ సంగతి తెలియదు.

సంపాదకులవారిని నేను కోరేది ఏమిటంటే, విలేఖరికి ఆ వార్త ఇచ్చే పోలీసు నివేదికలో ‘కలహాలు’ అని ఉన్నా, కొట్టడం జరిగి ఉంటే కొట్టడమని, కట్నం కోసం వేధింపు ఉంటే వేధింపని, అప్పు ఉంటే అప్పని రాయించండి. ‘క్షణికావేశం’ అన్న మాటను దయచేసి మానేయండి. నేను చూసిన కట్టల్లో క్షణంలో మొదలైనది ఒక్కటీ లేదు, అన్నిటి వెనుకా ఏళ్ల తరబడి ఎవరూ వినని మాటలున్నాయి. అటువంటి ప్రతి వార్త అడుగునా మహిళల సహాయానికి 181, అత్యవసర సహాయానికి 112, ఉచిత న్యాయ సహాయానికి 15100, మనసు బాగాలేనప్పుడు తెలుగులోనే మాట్లాడగలిగే టెలి మానస్‌కు 14416 అన్న నాలుగు సంఖ్యలను ఒక గీత కింద అచ్చువేయండి. జిల్లా పేజీలో రోజూ బంగారం ధరకు, మార్కెట్ యార్డు ధరలకు ఇచ్చే చోటులో పావువంతు కూడా అవసరం ఉండదు.

ఇట్లు,
విశ్రాంత న్యాయశాఖ ఉద్యోగి,
అనంతపురం.